అన్ని పనుల కత్తి.. అడవిలో అక్కరకొస్తుందా?

వారాంతం వచ్చిందంటే బెంగళూరు, హోసూరు కుర్రాళ్ల బండ్లు కొండల దారి పడతాయి. కృష్ణగిరి జిల్లాలో మేలగిరి కొండలు, బళ్లారి వాళ్లకు సండూరు గుట్టలు, కొరాపుట్‌, జయపురం వాళ్లకు దేవమాలి.. ఎవరికి దగ్గరున్న కొండ వాళ్లది. భుజాన సంచి, అందులో నీళ్ల సీసా, బిస్కెట్‌ ప్యాకెట్లు, ఓ టార్చి. వీటితోపాటు ఈ మధ్య చాలా సంచుల్లో ఇంకో వస్తువు కనిపిస్తోంది. అదే ‘సర్వైవల్‌ నైఫ్‌’. మూరెడు కత్తి, వీపున రంపపు పళ్లు, పిడి చివర దిక్సూచి, పిడి లోపల అగ్గిపుల్లలు, సూది, దారం, చేపల గాలం. ‘ఇది ఒక్కటి ఉంటే అడవిలో ఇంకేమీ అక్కర్లేదు’ అన్నది ఆన్‌లైన్‌ అమ్మకాల్లో కనిపించే ప్రచారం.

నరకడానికి గొడ్డలి, కోయడానికి రంపం, తవ్వడానికి గునపం, చెక్కడానికి చాకు.. నాలుగు పనిముట్ల పని ఒక్కటే చేస్తుందంటే ఎవరికి ఆశ పుట్టదు? బరువు తగ్గుతుంది, డబ్బు మిగులుతుంది, పైగా చూడటానికి దర్జాగా ఉంటుంది. అసలు ప్రశ్నల్లా ఒక్కటే. అడవిలో నిజంగా చేయాల్సిన పనులకు ఇది పనికొస్తుందా? పనివాళ్ల మాట, పనిముట్ల తీరు, చివరికి చట్టం.. దేన్ని అడిగినా వచ్చే జవాబు ‘చాలావరకు పనికిరాదు’ అనే. పెద్ద కత్తి దండగ అని కాదు. ఏ పెద్ద కత్తి, ఏ పనికి, ఎక్కడ అన్నది తెలియకుండా కొంటే దండగ.

సినిమా తెచ్చిన మోజు

ఈ కత్తి మన దాకా రావడానికి మూలం సినిమా. 1982లో వచ్చిన ‘ఫస్ట్‌ బ్లడ్‌’లో సిల్వెస్టర్‌ స్టాలోన్‌ వేసిన రాంబో పాత్ర చేతిలో ఉన్నది ఇలాంటిదే. దాన్ని తయారుచేసింది అమెరికాలోని ఆర్కెన్సా రాష్ట్రానికి చెందిన జిమ్మీ లైల్‌ అనే పేరున్న కత్తుల తయారీదారు. 1985లో రెండో సినిమా వచ్చాక నకళ్లు వెల్లువెత్తాయి. లైల్‌ చేతిలో తయారైనవి లెక్కపెట్టదగ్గవి. మన సంతల్లో, ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు దొరికేవి వాటి రూపాన్ని మాత్రమే దించినవి. ఉక్కు వేరు, పనితనం వేరు.

వీపు మీది రంపపు పళ్లకూ ఒక కథ ఉంది. అవి చెట్లు కోయడానికి పుట్టినవి కావు. అమెరికా వైమానిక దళం తన పైలట్లకు ఇచ్చే కత్తికి వీపున ఇలాంటి పళ్లు పెట్టింది. విమానం కూలి లోపల ఇరుక్కుపోతే పైనున్న పల్చటి అల్యూమినియం రేకును కోసుకుని బయటపడాలన్నది వాటి ఉద్దేశం. ఆ కత్తి బ్లేడు కూడా అయిదు అంగుళాలే. రేకు కోయడానికి పెట్టిన పళ్లు కర్రను కోస్తాయనుకోవడం దగ్గరే పొరపాటు మొదలైంది. అసలు రంపంలో పళ్లు ఒకటి ఇటు, ఒకటి అటు కాస్త వంగి ఉంటాయి. అందువల్ల కోత రంపపు రేకు కంటే వెడల్పుగా పడి, రంపం ఇరుక్కోకుండా ఆడుతుంది. కత్తి వీపున పళ్లకు ఆ వంపు ఉండదు, పైగా ఆ వీపు బాగా మందం. నాలుగు సార్లు ఇటూ అటూ లాగేసరికి కర్రలో బిగుసుకుపోతుంది. మణికట్టంత కొమ్మను మామూలు మడత రంపం నిమిషాల్లో తెగ్గోస్తుంది. ఈ పళ్లతో అదే పని మొదలుపెడితే చెమట తప్ప కోత కనిపించదు.

పైన పటారం.. లోన లొటారం

దీనికంటే పెద్ద లోపం పిడిలో ఉంది. మంచి కత్తికి ఉక్కు పిడి చివరిదాకా వెళుతుంది. దానికి రెండు పక్కలా చెక్క బిగిస్తారు. ఎంత గట్టిగా కొట్టినా దెబ్బ తాలూకు బరువు మొత్తం ఉక్కు మీద పంచుకుపోతుంది. లోపల అగ్గిపుల్లలు దాచాలంటే పిడి డొల్లగా ఉండాలి. అంటే ఉక్కు పిడి మొదట్లోనే ఆగిపోవాలి. అక్కడ దాన్ని గొట్టానికి మరతోనో, అతుకుతోనో కలుపుతారు. నరికినప్పుడు, మెలితిప్పినప్పుడు అత్యధిక ఒత్తిడి పడేది సరిగ్గా ఆ చోటే. కత్తి మొత్తంలో బలహీనమైన చోటు, బలం ఎక్కువ కావాల్సిన చోటు ఒక్కటే అయ్యాయన్నమాట. నిపుణుడు ఒక్కొక్కటిగా చేస్తే ఆ అతుకు నిలవచ్చు. నకలు సరుకులో అది ఊడితే, ముందు పదునైన బ్లేడు ఎటు ఎగిరిపడుతుందో చెప్పలేం.

పిడి చివరి దిక్సూచి సంగతీ అంతే. అయస్కాంతపు ముల్లుకు పక్కనే అంత ఉక్కు ఉంటే అది చూపే ఉత్తరాన్ని నమ్మడం కష్టం. ఇక అగ్గిపుల్లలు, గాలం, సూది.. అన్నీ ఒకే పిడిలో పెడితే ఆ కత్తి ఏ వాగులోనో జారిపడిన రోజు అన్నీ ఒకేసారి పోతాయి. లైటర్‌ ఒకటి జేబులో, ఇంకొకటి సంచిలో పెట్టుకునే మామూలు తెలివి ముందు ఈ ఏర్పాటు తేలిపోతుంది. ‘పైన పటారం.. లోన లొటారం’ అన్న సామెత ఇలాంటి సరుకు చూసే పుట్టి ఉంటుంది.

అడవిలో చేసే పనులేంటి?

బుష్‌క్రాఫ్ట్‌ అంటే తక్కువ పనిముట్లతో అడవిలో సుఖంగా ఉండగలిగే విద్య. మంట వేయడం, నీడ కట్టుకోవడం, నీళ్లు కాచుకోవడం, కర్రతో అవసరమైనవి చేసుకోవడం. మన దగ్గర ఆ పేరు కొత్త కానీ పశువుల కాపరులకు, కొండల్లో ఉండేవారికి ఆ పని కొత్త కాదు.

ఈ పనుల్లో కత్తికి పడేవి ఎక్కువగా చిన్న కోతలే. మంట అంటుకోవడానికి పుల్లను సన్నగా ఈకల్లా చెక్కాలి. గుడారం మేకులకు మొన తీయాలి, తాడు ఆగడానికి గాటు పెట్టాలి. కూరగాయలు తరగాలి, తాడు కోయాలి. వీటన్నింటిలో కత్తి అంచు చేతికి ఎంత దగ్గరగా ఉంటే అంత అదుపు. పది అంగుళాల కత్తితో పుల్ల చెక్కాలంటే బ్లేడు బరువంతా ముందుకు తూగుతుంది, మణికట్టు లాగేస్తుంది. బొటనవేలు ఆన్చి నొక్కుదామంటే వీపున రంపపు పళ్లు గుచ్చుకుంటాయి. నరకడానికి తట్టుకోవాలని అంచును మందంగా ఉంచుతారు కాబట్టి అది చెక్కదు, చీల్చుతుంది. ఉల్లిపాయ తరిగినా అంతే.

ఈ విద్యలో పెద్దలుగా పేరున్నవారి మాటా ఇదే. కెనడాకు చెందిన మోర్స్‌ కొచాన్‌స్కీ ఆధునిక బుష్‌క్రాఫ్ట్‌ గురువుల్లో ఒకరు. అడవి కత్తి బ్లేడు మనిషి అరచేయి వెడల్పు ఉంటే చాలన్నది ఆయన కొలత. అంటే సుమారు నాలుగు అంగుళాలు. పెద్ద పనికి ఆయన నమ్మింది గొడ్డలిని. అంతకుముందు 1906లో ‘క్యాంపింగ్‌ అండ్‌ వుడ్‌క్రాఫ్ట్‌’ రాసిన హోరేస్‌ కెఫార్ట్‌ కూడా, బరువైన కత్తి చేతిగొడ్డలి పని చేస్తుందనుకోవడం భ్రమ అని తేల్చేశారు. 1884లో ‘వుడ్‌క్రాఫ్ట్‌’ పుస్తకం తెచ్చిన జార్జ్‌ వాషింగ్టన్‌ సియర్స్‌ తన వెంట ఒక చిన్న గొడ్డలి, ఒక పల్చటి కత్తి, ఒక మడత చాకు ఉంచుకునేవారు. మూడు పనులకు మూడు. నూట నలభై ఏళ్ల కిందటే తేలిన లెక్క ఇది.

బరువు తగ్గుతుందన్న వాదన కూడా నిలవదు. స్వీడన్‌లో తయారయ్యే మామూలు మోరా కత్తి బరువు వంద గ్రాములకు కాస్త అటూ ఇటూ. దానికి ఒక మడత రంపం జోడించినా చాలా పెద్ద కత్తుల బరువు కంటే తక్కువే అవుతుంది. పనులు మాత్రం రెట్టింపు అవుతాయి.

మరి పెద్ద కత్తి అక్కర్లేదా?

ఇక్కడే ఒక మెలిక ఉంది. పైన చెప్పిన ముగ్గురూ చలిదేశాల అడవుల్లో తిరిగినవారు. అక్కడ దేవదారు, పైన్‌ లాంటి చెట్లు, ఎండిన దుంగలు. వాటికి గొడ్డలి సరిగ్గా సరిపోతుంది. మన అడవి అలాంటిది కాదు. వెదురు పొదలు, తీగలు, ముళ్ల కంపలు. మేలగిరి వైపు లాంటానా అల్లుకుని మనిషి దూరే సందు ఉండదు. సర్కారు తుమ్మ సంగతి చెప్పనే అక్కర్లేదు. కన్నడిగులు దానికి పెట్టిన పేరే ‘బళ్లారి జాలి’. వంగే కొమ్మ మీద గొడ్డలి దెబ్బ నిలవదు. అక్కడ కావాల్సింది పొడవైన, వేగంగా విసరగలిగే బ్లేడు. వేడి దేశాలన్నింటా పెద్ద కత్తి పుట్టింది అందుకే. మలయా వాళ్లకు పరాంగ్‌, దక్షిణ అమెరికా వాళ్లకు మచెతే, నేపాలీలకు కుక్రి. కాబట్టి ‘పెద్ద కత్తే వద్దు’ అనే వాళ్ల మాటా మన నేలకు పూర్తిగా సరిపోదు.

అయితే ఈ పెద్ద కత్తుల్లో ఒక్కదానికీ సర్వైవల్‌ కత్తి పోకడలు లేవు. డొల్ల పిడి లేదు, వీపున పళ్లు లేవు, దిక్సూచి లేదు. నరకడం అనే ఒక్క పనికే పుట్టాయి, ఆ పని చక్కగా చేస్తాయి. కుక్రిని చూస్తే ఇంకో విషయం తెలుస్తుంది. దాని ఒరలోనే రెండు చిన్న కత్తులు ఉంటాయి. ఒకటి చిన్న కోతలకు, రెండోది అంచు సరిచేయడానికి, చెకుముకి కొట్టడానికి. పెద్ద కత్తితో అన్నీ అవ్వవని గూర్ఖాల తాతలకు తెలుసు.

మన మచ్చుకత్తీ ఆ కోవలోదే. సరిహద్దు దాటితే పేరు మారుతుంది. కన్నడంలో మచ్చు, తమిళంలో అరువాళ్‌, మరాఠీలో కోయతా, ఒడియాలో కటూరి. యానాం వైపు కొబ్బరి తోటల్లో కత్తి అంటే అదే. వంపులు, పొడవులు ఊరూరికీ తేడా. కానీ సూత్రం ఒక్కటే. బరువు ముందువైపు ఉంటుంది కాబట్టి విసురుకు దెబ్బ బలంగా పడుతుంది. ముందు వంపు కొమ్మను జారిపోకుండా పట్టి లాగుతుంది. గుచ్చుకునే మొన ఉండదు కాబట్టి కాలు జారి పడినా ప్రమాదం తక్కువ. నేలకు, రాయికి అంచు తగలకుండా ఆ వంపే కాపాడుతుంది. ఏ ఇంజినీరూ గీయని ఈ ఆకారం తరాల తరబడి పని చేసీ చేసీ తేలింది.

కొలిమి సరుకు తక్కువేం కాదు

ఊళ్లో కమ్మరి ఈ కత్తిని ఎక్కువగా పాత లారీ కమాన్‌ పట్టీతో సాగగొడతాడు. అది ఆషామాషీ ఇనుము కాదు. గుంతల రోడ్ల మీద టన్నుల బరువు మోస్తూ వంగి, మళ్లీ నిటారయ్యేలా తయారైన ఉక్కు. విరగదు, దెబ్బకు తట్టుకుంటుంది. మొండి పడితే ఆకురాయితోనో, వాగు ఒడ్డున దొరికే ఇసుకరాయితోనో నూరుకోవచ్చు. పిడి విరిగితే ఏ చెట్టు కొమ్మతోనైనా మరోటి వేసుకోవచ్చు. అడవిలో బాగుచేసుకోగలగడం కంటే గొప్ప గుణం పనిముట్టుకు ఏముంటుంది? ‘నా చేతికి ఈ బరువు చాలు, ఇంత పొడవు చాలు’ అని కొలత చెప్పి చేయించుకునే వీలు ఏ పెట్టెలో వచ్చే కత్తికీ లేదు.

లోపాలు లేవని కాదు. ఒకే కమ్మరి చేసిన రెండు కత్తులు ఒకేలా ఉండవు. నీళ్లలో ముంచి గట్టిచేసేటప్పుడు వేడి కాస్త ఎక్కువైతే అంచు పెళుసవుతుంది, తక్కువైతే మెత్తబడుతుంది. పిడి వదులవుతుంది. చాలావాటికి ఒర అనేదే ఉండదు, గోనెగుడ్డ చుట్టి తీసుకెళ్లాల్సిందే. పట్నం కుర్రాడు ఆన్‌లైన్‌ కత్తి వైపు చూడటానికి ఇదీ ఒక కారణమే. కొలిమి పనివాళ్లు ఓ తోలు ఒర, అరచేయి వెడల్పు చిన్న కత్తి కూడా జతచేసి ఇస్తే కొనేవాళ్లు దొరుకుతారు. నాగళ్లు, కొడవళ్లు తగ్గి యంత్రాలు పెరిగాక కొలిమికి పని కరవైన ఊళ్లు సరిహద్దుకు రెండు వైపులా ఉన్నాయి. పర్యాటకులు వచ్చే దారిలోనే ఉండి కూడా ఆ డబ్బు ఊరికి చేరకపోవడం బాధాకరం.

చట్టం ఏమంటోంది?

కొనే ముందు తెలుసుకోవాల్సిన సంగతి ఇంకోటి ఉంది. ఆయుధ చట్టం (1959) కింద వచ్చిన 2016 నిబంధనల ప్రకారం బ్లేడు 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు ఉన్న కత్తులు ఆయుధాల జాబితాలోకి వస్తాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకు తయారైనవాటికి మినహాయింపు ఉంది. ఈ తరహా ఆయుధాలకు లైసెన్సు తప్పనిసరి అని ప్రభుత్వం ప్రకటించిన ప్రాంతాల్లో అది లేకుండా దగ్గర ఉంచుకుంటే నేరమే. పొలం గట్టున రైతు చేతిలో మచ్చుకత్తిని ఎవరూ ప్రశ్నించరు. అదే పది అంగుళాల సర్వైవల్‌ కత్తి రాష్ట్రాల సరిహద్దు తనిఖీలో సంచిలోంచి బయటపడితే ‘వ్యవసాయానికి’ అంటే నమ్మేదెవరు?

అడవి సంగతి ఇంకా గట్టిది. వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) ‘ఆయుధం’ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో కత్తులూ ఉన్నాయి. అభయారణ్యంలోకి ఆయుధంతో వెళ్లాలంటే చీఫ్‌ వైల్డ్‌లైఫ్‌ వార్డెన్‌ రాతపూర్వక అనుమతి ఉండాలి. కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల్లో కావేరి ఉత్తర అభయారణ్యం ఉంది. బళ్లారి పక్కన దరోజి ఎలుగుబంట్ల అభయారణ్యం ఉంది. అక్కడ కంపెనీ కత్తయినా, కొలిమి కత్తయినా చట్టం ముందు ఒకటే. పైగా రక్షిత అడవిలో పచ్చి కొమ్మ నరకడమే నేరమైనప్పుడు నరికే కత్తి అక్కడికి ఎందుకు? ఈ విద్య నేర్చుకోవాలనే ఆసక్తి ఉన్నవారికి సొంత పొలం, మామిడి తోట, కొబ్బరి తోట ఉన్నాయి. రాలిన ఎండు కొమ్మలు కావాల్సినన్ని దొరుకుతాయి. ఊళ్లో తాతో, మామో పక్కన ఉండి నేర్పుతారు.

ప్రాణం నిలిపేవి వేరు

‘సర్వైవల్‌’ అన్న పేరు పెట్టి అమ్మడంలోనే అసలు మోసం ఉంది. కత్తి చేతిలో ఉంటే ఏం జరిగినా గట్టెక్కుతామన్న ధీమా వస్తుంది. 2018 మార్చిలో తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో కార్చిచ్చు ట్రెక్కింగ్‌కు వెళ్లిన వారిని చుట్టుముట్టింది. 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఎండాకాలపు గడ్డి కొండ అంటుకుంటే ఎంత పెద్ద కత్తి ఏం చేస్తుంది? ఆ తరవాతే తమిళనాడు ప్రభుత్వం ట్రెక్కింగ్‌కు నిబంధనలు తెచ్చింది. అనుమతి, స్థానిక గైడు, వాతావరణం చూసి బయల్దేరడం.. ప్రాణం కాపాడేవి ఇవి. హోసూరు, దెంకణికోట అడవుల్లో ఏనుగు ఎదురైనా, దరోజి దగ్గర ఎలుగుబంటి ఎదురైనా కత్తి దూసేవాడు బతకడు. దూరం నుంచే గమనించి తప్పుకొన్నవాడు బతుకుతాడు.

కత్తి వల్లే వచ్చే ముప్పు ఇంకోటి. అలవాటు లేని చేతిలో బరువైన బ్లేడు కర్ర మీద నుంచి జారితే మోకాలికో, ఎడమ చేతికో తగులుతుంది. కత్తిని కర్రపై ఆనించి, దాని వీపు మీద మరో కర్రతో కొట్టి చీల్చే పద్ధతి ఒకటుంది. డొల్ల పిడి కత్తి విరిగేది ఎక్కువగా అప్పుడే. ఆస్పత్రికి రెండు మూడు గంటలు నడిచి రావాల్సిన చోట చిన్న గాయం కూడా చిన్నది కాదు.

గోటితో పోయేదానికి గొడ్డలెందుకు అంటారు మన పెద్దలు. కొండ ఎక్కి ఓ రాత్రి ఉండి వచ్చేవారికి నీళ్లు, టార్చి, ఈల, రెండు చోట్ల రెండు లైటర్లు, గాయాలకు కట్టు, ఎక్కడికి వెళుతున్నారో ఇంట్లో ఒకరికి తెలియడం ముఖ్యం. కోత పని ఉంటుందనుకుంటే, అనుమతి ఉన్న చోటికైతే, ఉక్కు పిడి చివరిదాకా ఉన్న నాలుగు అంగుళాల కత్తి ఒకటి, మడత రంపం ఒకటి చాలు. కంప కొట్టే పని, వెదురు పని తోటలోనో, పొలంలోనో ఉంటే మచ్చుకత్తిని మించింది లేదు. ట్రెక్కింగ్‌ బృందాలు నడిపేవారు బయల్దేరే ముందే ఈ సంగతి చెప్పి, పెద్ద కత్తుల్ని ఇంటి దగ్గరే పెట్టించాలి. కత్తి కొనాలని మరీ ముచ్చటపడే కుర్రాళ్లు ఆన్‌లైన్‌ బొమ్మలు చూసి మోసపోయేకంటే ఓ ఆదివారం దగ్గర్లోని కొలిమి దాకా వెళ్లి, పిడి పట్టుకుని చూసి, ఏ పనికి ఏది వాడాలో కమ్మరినే అడగడం మేలు.